అడవి బాటకు బండి కొనే ముందు ఒక పైపు ముక్క కొనండి

"అన్నా, పదిహేనెకరాలు అడవి కొన్నాం, లోపల బాటలున్నాయి, వాటిని చూసుకోడానికి ఏ బండి తీసుకోమంటావ్?" ఈ ప్రశ్న నాకు ఈ ఏడాది నాలుగైదు సార్లు వచ్చింది. డెట్రాయిట్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకునే మనవాళ్ళలో నాకు తెలిసిన కొందరు ఉత్తరంగా రెండు గంటలు వెళ్ళి చెట్లున్న నేల కొనుక్కుంటున్నారు. కొన్న నెలలోపే అందరికీ ఇదే ప్రశ్న. అడిగే తీరు కూడా ఒకటే. ఎన్ని హార్స్‌పవర్, ఎంతమంది కూర్చోవచ్చు, ఎంత బరువు లాగుతుంది. బాట వెడల్పెంత అని మాత్రం ఒక్కరూ చెప్పరు. నేనూ మొదట్లో చూసుకోలేదు కాబట్టి వాళ్ళని తప్పుపట్టను. కానీ ఆ ఒక్కటి చూసుకోకపోవడం వల్ల నా అడవికి జరిగిన నష్టం ఇంకా పూడలేదు, అందుకే ఇదంతా రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. అడవి బాటల పనికి పెద్ద బండి వద్దు. మీ బాటలో కొమ్మ తగలకుండా పట్టే బండ్లలో అన్నిటికన్నా సన్నంగా, తేలిగ్గా, నిదానంగా పోయేది కొనండి. దానితో కాని పని ఏడాదికి నాలుగు రోజులుంటుంది, ఆ నాలుగు రోజులకీ అద్దెకు తెచ్చుకోండి.

మాది మిషిగన్ మధ్యలో 22 ఎకరాల అడవి. ఓక్, మేపుల్, కొంచెం బీచ్, పల్లంలో ఒకప్పుడు బోలెడు యాష్ చెట్లు. పాత ఓనరు వేసిన కాలిబాటలు అన్నీ కలిపి మైలున్నర ఉంటాయి. యాష్ చెట్ల గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ బాట పని అంటే సగం వాటి పనే. 2002లో డెట్రాయిట్ దగ్గర ఒక పచ్చటి పురుగు బయటపడింది, ఎమరాల్డ్ యాష్ బోరర్ అంటారు, ఆసియా నుంచి వచ్చింది. కోట్ల చెట్లను చంపింది. మా పల్లంలో నిలబడి ఉన్న మోడుల దగ్గరికి వెళ్ళి బెరడు మీద చూస్తే ఇంగ్లిష్ డి అక్షరంలాగా, ఒక పక్క బల్లపరుపుగా, మూడు మిల్లీమీటర్ల చిల్లులు కనిపిస్తాయి. పురుగు బయటికొచ్చిన చిల్లులు. ఊడిన బెరడు ముక్క తిప్పి చూస్తే లోపల మెలికలు మెలికలుగా పురుగు తిన్న దారులు. ఇలా చచ్చిన యాష్ చాలా పెళుసు. గాలి కొట్టిన ప్రతిసారీ ఒకటో రెండో బాటకు అడ్డంగా పడతాయి.

పడిన చెట్టు తియ్యడం ఎలాగో తెలిస్తే ఏ బండి కావాలో సగం తేలిపోతుంది. పదహారు అంగుళాల లావు, ఎనిమిదడుగుల పొడవు పచ్చి ఓక్ దుంగ దగ్గర దగ్గర 700 పౌండ్లు తూగుతుంది. దాన్ని ఎవడూ ఎత్తి బండిలో వెయ్యడు, వెయ్యక్కర్లేదు కూడా. బాట మేరకు రెండు కోతలు కోసి, మధ్య ముక్కను కొక్కెం కర్రతో దొర్లించి పక్కన పడేస్తే పనైపోయింది. అది అక్కడే కుళ్ళి మట్టవుతుంది, అడవికి అదే మంచిది. అంటే బండి తీసుకెళ్ళాల్సింది మనిషిని, చైన్‌సాని, పెట్రోలుని, చైన్ ఆయిల్‌ని, కోతలో రంపం ఇరుక్కోకుండా కొట్టే రెండు ప్లాస్టిక్ వెడ్జ్‌లని, కొక్కెం కర్రని, కొమ్మల కత్తెరని, దంతెని, నీళ్ళని, ఫస్ట్ ఎయిడ్ డబ్బాని. నేను ఒకరోజు ఇంట్లో బరువు చూసే మిషన్ మీద ఇవన్నీ పెట్టి తూచాను. 120 పౌండ్లు కూడా రాలేదు.

మరి నేను కొన్నదేంటి? ఇద్దరు ముందు కూర్చుని వెనక తొట్టి ఉండే సైడ్ బై సైడ్ బండ్లు చూడటానికి వెళ్ళి, ఆరుగురు కూర్చునేది కొని తెచ్చాను. వెయ్యి సీసీ ఇంజను, వెడల్పు 62 అంగుళాలు. షాపులో నన్ను ఎవరూ మోసం చెయ్యలేదు, అడిగినదానికల్లా సరిగ్గానే చెప్పారు. తొట్టిలో వెయ్యి పౌండ్లు పడతాయన్నారు, పడతాయి. యాభై మైళ్ళ స్పీడు పోతుందన్నారు, పోతుంది. పండక్కి స్నేహితుల కుటుంబాలు వస్తే పిల్లల్ని ఎక్కించుకుని తిప్పొచ్చు అనుకున్నాను. బాటలు సరిచేసే బండి కొనడానికి వెళ్ళినవాణ్ణి, ఊరేగే బండి లెక్కలు వేసుకున్నాను.

మొదటి రోజే రెండుచోట్ల పట్టలేదు. ఒకచోట రెండు మేపుల్ చెట్ల మధ్య 57 అంగుళాలుంది. ఇంకోచోట మలుపు. పక్కన చిన్న చెట్లేగా అని నాలుగు కొట్టాను. తర్వాతి వారం ఇంకో ఆరు. అలా ఒక వేసవి గడిచేసరికి నేను బాట బాగుచేస్తున్నానా, బండికి రోడ్డేస్తున్నానా తెలియని పరిస్థితికి వచ్చింది.

ఇక్కడ ఒక లెక్క చెప్తాను, మనవాళ్ళకి బాగా అర్థమవుతుంది. 50 అంగుళాల బండి హాయిగా పోవాలంటే రెండు పక్కలా కాస్త చోటుతో కలిపి 60 అంగుళాల సందు చాలు. 62 అంగుళాల బండికి 78 అంగుళాలు కావాలి, అంటే అడుగున్నర ఎక్కువ. మైలున్నర బాట అంటే 7,920 అడుగులు. అడుగున్నర చొప్పున 11,880 చదరపు అడుగులు. మన లెక్కలో 27 సెంట్లు! పావెకరానికి పైగా అడవిని, కేవలం బండి వెడల్పు కోసం, నేను కొట్టి తొక్కెయ్యాలన్నమాట. ఊళ్ళో 27 సెంట్ల స్థలం గట్టు కోసం అన్నదమ్ములు కోర్టుకెళ్తారు. ఇక్కడ నేను ఒక్క మాటా అనుకోకుండా ధారపోయడానికి సిద్ధమయ్యాను.

ఆ అడుగున్నరలో ఏముందో మే నెలలో తెలిసింది. మా బాట అంచునే ట్రిలియం పూలు పూస్తాయి. మూడు ఆకులు, వాటి మీద మూడు తెల్ల రేకులు, అంతే ఆ మొక్క. గింజ పడ్డాక మొదటి పువ్వు పూయడానికి ఏడేళ్ళో అంతకంటే ఎక్కువో పడుతుంది దానికి. మలుపు దగ్గర ఒక గుంపు ఉండేది. కుడి చక్రం దాని మీదుగా పోయింది. నేను దిగి చూసేసరికి ఆకులు మట్టిలో అతుక్కుపోయి, టైరు గళ్ళ అచ్చు మధ్య ఒక్క పువ్వు మాత్రం పక్కకి వాలి ఉంది. మా ఆవిడ ఏమీ అనలేదు. వంగి ఆ పువ్వుని లేపి నిలబెట్టడానికి చూసింది, నిలబడలేదు.

పూలు పక్కన పెడితే నేల సంగతి ఇంకా గట్టిది. చెట్లకి నీళ్ళు, పోషకాలు తాగే సన్న వేళ్ళు ఎక్కువగా పైన అడుగు, అడుగున్నర లోతులోనే ఉంటాయి. బండి బరువుకి ఆ మట్టి గట్టిపడితే గాలీ నీరూ ఆడవు. నేల గట్టిపడటం చాలావరకు మొదటి కొద్ది సార్లు తిరగడంతోనే జరిగిపోతుంది. "ఒక్కసారే కదా" అనుకుని పోనిచ్చిన ఆ ఒక్కసారే ఎక్కువ నష్టం చేస్తుంది. నా బండి ఖాళీగా 1,600 పౌండ్ల పైమాటే, దాని మీద మనుషులు, సామాను. ఏప్రిల్‌లో మంచు కరిగి నేల పైన మెత్తగా, లోపల ఇంకా గడ్డకట్టి ఉన్నప్పుడు ఒక శనివారం నడిపాను. మరుసటి వారం వెళ్తే గాడి లోతు ఏడు అంగుళాలు, పుల్లతో కొలిచాను. ఆ గాడిలో నీళ్ళు కాలవలాగా పల్లానికి పోతున్నాయి. నీరు ఒకసారి బాట పొడవునా పారడం మొదలుపెడితే ఆగదు, ప్రతి వానకీ ఇంకాస్త కోస్తుంది. బాట బయటి అంచు వైపు కొంచెం వాలుగా ఉంటే నీరు అడ్డంగా దాటి పక్కకి పోతుంది. చక్రాల గాడి పడితే ఆ వాలు పని చెయ్యదు.

నేను పుట్టిన ఊరు గుంటూరు జిల్లాలో, నల్లరేగడి నేల. పొలాలకి పోయే డొంక ఉండేది, రెండు వైపులా జిల్లేడు, తుమ్మ. ఎడ్లబండ్లు తిరిగినన్నాళ్ళు గాడి పడినా, వానలయ్యాక మళ్ళీ పూడుకునేది. వానాకాలంలో ట్రాక్టర్లు తిరగడం మొదలయ్యాక ఆ గాడి గుంటయ్యింది. గుంటని తప్పించుకోడానికి ట్రాక్టరు పక్కకి జరిగేది, అక్కడ ఇంకో గుంట. చివరికి నడిచేవాళ్ళు పక్క చేలల్లోంచి వెళ్ళాల్సి వచ్చింది. ట్రాక్టరు లేకపోతే సేద్యం లేదు, దాన్ని తప్పనను. కానీ నా అడవిలో సేద్యం లేదు. అక్కడ ఉన్నది నడవడానికే. డొంకకి ఏమైందో కళ్ళారా చూసినవాణ్ణి ఇక్కడ అదే పని నేనే చెయ్యడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

రెండో ఏడు దాన్ని అమ్మేశాను. ఈసారి ముందు బాట కొలిచాను. హార్డ్‌వేర్ షాపులో పీవీసీ పైపు కొని 50 అంగుళాలకి ఒక ముక్క, 60కి ఒక ముక్క కోశాను. అడ్డంగా, నడుం ఎత్తులో పట్టుకుని మైలున్నరా నడిచాను. ఎక్కడ తగిలితే అక్కడ ఎర్ర రిబ్బను కట్టాను. 60 అంగుళాల పైపుకి పదకొండు రిబ్బన్లు, 50 అంగుళాల పైపుకి రెండు. ఆ రెండూ కొమ్మలే, చెట్లు కావు. ఇంక ఆలోచించడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

50 అనేది నేను ఊహించుకున్న అంకె కాదు. ఇక్కడ ప్రభుత్వ అడవుల్లో చాలా బాటలు 50 అంగుళాలు, అంతకన్నా తక్కువ వెడల్పున్న బండ్లకే తెరుస్తారు. మిషిగన్‌లో 50 అంగుళాల బాటలు వేరు, 72 అంగుళాల రూట్లు వేరు. అందుకే కంపెనీలు ఆ కొలతకి బండ్లు చేస్తాయి. నేను తీసుకున్నది హోండా పయొనీర్ 520. పక్కపక్కన ఇద్దరు, వెనక ఎత్తి ఒంపే చిన్న తొట్టి, అందులో 450 పౌండ్లు పడతాయి, వెనక ట్రైలరు కడితే వెయ్యి పౌండ్లు లాగుతుంది. కాగితం మీద పక్కన పెట్టి చూస్తే పెద్ద బండి ముందు ఇది తేలిపోతుంది. నాకు నచ్చినది ఇంకొకటి ఉంది, దీనికి బెల్టు లేదు, లోపల నిజమైన గేర్లు. ఈ తరహా బండ్లు ఎక్కువ శాతం రబ్బరు బెల్టు మీద నడుస్తాయి. బాట పనిలో అడుగడుగునా ఆగడం, కదలడం, నడిచే వేగంతో పాకడం ఉంటుంది కదా, బరువుతో అలా హై గేర్‌లో పాకిస్తే బెల్టు వేడెక్కి కాలుతుంది. బెల్టు బండే కొంటే తప్పేం లేదు, లో గేరు వేసుకోవడం మాత్రం అలవాటు చేసుకోవాలి.

"మరి కంకర?" అంటారు అందరూ. న్యాయమైన ప్రశ్నే. బురద గుంటల్లో కంకర వెయ్యాలి, ఒక క్యూబిక్ యార్డు కంకర 2,700 పౌండ్లదాకా ఉంటుంది. నా తొట్టికి ఆరు ట్రిప్పులు, పెద్ద బండికి మూడు. నేను ఏడాదికి నాలుగు యార్డులు వేస్తాను. అంటే 24 ట్రిప్పులు, పెద్ద బండికైతే పన్నెండు. ఆ తేడా ఒక శనివారం. ఒక్క శనివారం కలిసొస్తుందని మిగతా ఏడాదంతా 62 అంగుళాల బండిని చెట్ల మధ్య ఇరికించుకు తిరగాలా? అసలు చాలా గుంటలకి కంకర కంటే నీరు పక్కకి పోయే చిన్న వాలు, ఒక పారతో రెండు గంటల పని, ఎక్కువ మేలు చేస్తుంది.

ట్రాక్టరు గురించి. మన రైతు రక్తం ట్రాక్టరు అనగానే ఉరకలేస్తుంది, నాకూ అంతే. ముందు లోడరు, వెనక పొదలు కొట్టే మిషను, చిన్న కుబోటా చూస్తే ఎవరికైనా ముద్దొస్తుంది. కొత్తగా బాట వెయ్యాలంటే దానికి సాటి లేదు. కానీ ఉన్న బాట చూసుకోడానికి అది ఎక్కువ బరువు. దానికితోడు పైన రోల్‌బార్ ప్రతి కొమ్మకీ తగులుతుంది, విసుగొచ్చి జనం దాన్ని మడిచేస్తారు, ట్రాక్టరు తిరగబడినప్పుడు మడిచిన రోల్‌బార్ ప్రాణం కాపాడదు. రెండు రోజులు అద్దెకు తెచ్చుకుని పని చేయించుకుని పంపించేయండి.

జపాన్ మినీ ట్రక్కులు, సుజుకి క్యారీ, దైహట్సు హైజెట్ లాంటివి, ఇక్కడ కొత్త మోజు. పాతికేళ్ళు దాటినవి దిగుమతి చేసుకోవచ్చు. 660 సీసీ, కుడిచేతి స్టీరింగ్, మనకి కొత్తేం కాదు. మూడు వైపులా తెరుచుకునే తొట్టి చాలా వీలుగా ఉంటుంది. వెడల్పు మాత్రం 55 నుంచి 58 అంగుళాలు, చక్రాలు చిన్నవి, ఎత్తు తక్కువ. గట్టి నేల, వెడల్పు బాట ఉంటే మంచి బండే. మాలాంటి బురద నేలకి పనికిరాదు. డీజిల్ హైడ్రోస్టాటిక్ బండ్లు, అంటే గేర్లకి బదులు నూనె ఒత్తిడితో నడిచే కుబోటా ఆర్టీవీల్లాంటివి, పాకడంలో రాజులు కానీ మళ్ళీ వెడల్పు, బరువు. ఎలక్ట్రిక్ బండి ఒకటి ఓ స్నేహితుడి దగ్గర నడిపాను. ఆ నిశ్శబ్దం అద్భుతం, పిట్టలు ఎగిరిపోవు, జింక తల కూడా ఎత్తదు. బాట పనికి రేంజ్ పెద్ద సమస్య కాదు, రోజుకి నాలుగైదు మైళ్ళే తిరుగుతాం. 50 అంగుళాల్లో, బరువు తక్కువలో మంచిది దొరికిన రోజు నేనే ముందు మారతాను.

బాట నిజంగా సన్నగా ఉండి, డబ్బు కూడా చూసుకోవాలంటే నాలుగు చక్రాల ఏటీవీ, వెనక చిన్న ట్రైలరు. చాలామందికి ఇదే సరైన జవాబు. కాకపోతే దానికి పైన రక్షణ ఫ్రేము ఉండదు, మోటారు సైకిల్‌లాగా ఒంటితో బ్యాలెన్సు చేసుకోవాలి. ట్రైలరు వెనక్కి తిప్పడం సన్న బాటలో ఎంత నరకమో ముందే తెలుసుకోండి, అక్కడక్కడా తిరగడానికి చోటుందో లేదో చూసుకోండి.

కొనేటప్పుడు షాపువాళ్ళు చెప్పని ఒక చిన్న విషయం చూడండి. వెనక రెండు చక్రాలూ కలిసి లాక్ అయ్యే ఉంటాయా, విడదీసే వీలుందా? లాక్ అయి ఉన్న చక్రాలు మలుపులో నేలని చీల్చేస్తాయి, ఎందుకంటే లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, కలిసే తిరిగితే ఒకటి ఈడ్చుకుపోవాల్సిందే. ఇలా చక్రాల్ని విడదీసే వీలుని కొన్ని బండ్లలో టర్ఫ్ మోడ్ అంటారు. నాదాంట్లో ఆ మోడ్ లేదు, అందుకే మలుపుల్లో నిదానంగా, వెడల్పుగా తిప్పుతాను. ఈ ఒక్క విషయంలో నా బండి కన్నా మెరుగైనవి ఉన్నాయని ఒప్పుకుంటాను.

సీటు బెల్టు గురించి ఎవరితోనైనా గట్టిగా వాదిస్తాను. "నడిచే స్పీడేగా" అంటారు. ఈ బండ్లు బోల్తా పడేది స్పీడు వల్లే కాదు, పక్కవాలు మీద ఒక చక్రం మొద్దు ఎక్కితే చాలు. పడేటప్పుడు మనిషి సహజంగా కాలో చెయ్యో బయటపెడతాడు, దాని మీద బండి పడుతుంది. బెల్టు, పక్క వలలు ఉన్నది అందుకే. కాళ్ళు నేలకి ఆనని పిల్లల్ని ఎక్కించొద్దు, పదహారేళ్ళ లోపు వాళ్ళకి స్టీరింగ్ ఇవ్వొద్దు. పండక్కి వచ్చినవాళ్ళ పిల్లలు ఏడ్చినా సరే.

బండి ఏదైనా, మార్చి మధ్య నుంచి మే మొదటి వారం దాకా నాది షెడ్డులోనే ఉంటుంది. ఆ రోజుల్లో మిషిగన్‌లో తారు రోడ్ల మీదే బరువు లారీలకి ఆంక్షలు పెడతారు, ఫ్రాస్ట్ లాస్ అంటారు, మంచు చట్టాలన్నమాట. తారు రోడ్డుకే అంత జాగ్రత్త ఉంటే అడవి మట్టికి ఎంతుండాలి? బరువు పనులన్నీ జనవరి, ఫిబ్రవరిలో, నేల రాయిలాగా ఉన్నప్పుడు చేసుకుంటాను. ఓక్ కొమ్మలు కొట్టాల్సివస్తే అప్పుడే కొట్టేస్తాను, ఏప్రిల్ 15 నుంచి జూలై 15 దాకా వాటిని ముట్టుకోకూడదు, కోసిన గాయం మీద వాలే పురుగులు ఓక్ విల్ట్ తెగులు అంటిస్తాయి.

ఇంతా చెప్పాక ఇంకొకటి. 1964 వైల్డర్‌నెస్ చట్టం కింద ఉన్న అడవుల్లో మోటారు బండ్లూ లేవు, చైన్‌సాలూ లేవు. అక్కడ ఇప్పటికీ ఇద్దరు చెరో కొసా పట్టి లాగే పెద్ద రంపాలతోనే చెట్లు కోస్తారు, సామాను కంచర గాడిదల మీద మోస్తారు. బాటలు బాగానే ఉంటాయి. కాబట్టి "పెద్ద బండి లేకపోతే పని కాదు" అని నాకు ఎవరైనా చెప్తే నేను నమ్మను.

పోయిన నెల ఖమ్మం నుంచి వచ్చిన ఒక తమ్ముడు అదే ప్రశ్న అడిగాడు. నాలుగు సీట్లది బుక్ చెయ్యడానికి రెడీగా ఉన్నాడు. నేను మోడల్ పేరు చెప్పలేదు, షెడ్డులోంచి రెండు పైపు ముక్కలూ, రిబ్బను చుట్టా ఇచ్చి పంపించాను. ఆదివారం సాయంత్రం ఫోన్ చేశాడు, ఊపిరి ఆడనంత ఉత్సాహంగా ఉన్నాడు. "అన్నా, 50 కూడా నాలుగుచోట్ల పట్టలేదు. ఒకచోట రెండు ముసలి బీచ్ చెట్ల మధ్య 48 ఉంది. వాటిని కొట్టలేను అన్నా." ఇప్పుడు 46 అంగుళాల పాత ఏటీవీ ఒకటి, దానికో చిన్న ట్రైలరు వెతుకుతున్నాం ఇద్దరం.